మీటరులో ఎర్ర చుక్క

మా అక్క ఏసమ్మ రేపల్లెలో ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ ఆయాగా చేసింది. పొద్దున్నే పొట్టకి ఇన్సులిన్ సూది పొడుచుకున్నాకే టిఫిను. రిటైరయ్యాక చెప్పడానికి పిల్లలు లేక వీధిలో ఆడవాళ్లకి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెప్తే ఎవరూ కాదనేవాళ్లు కాదు. ఇప్పుడు నాకు భయం వేసేది దానికే.

ఇన్నాళ్లూ పెంచకుండా ఆపిన కరెంటు రేట్లు ఎండాకాలం నుంచి పెరుగుతాయని మార్చిలో తెలిసింది. ఆ గురువారం చర్చి స్త్రీల సమాజం ప్రార్థన అవగానే అక్క అందర్నీ తన మీటరు కిందికి తీసుకెళ్లింది. ఇంట్లో అన్నీ కట్టేసి ఒక్కొక్కటే వేయిస్తూ, మీటరులో ఎర్ర చుక్క ఎంత వేగంగా కొట్టుకుంటుందో చూపించింది.

"చూశారా, మనం పడుకున్నా ఈ ఫ్రిజ్ తింటానే ఉంటది. పొద్దున ఆరింటికి ఆపి, సాయంత్రం ఆరింటికి వెయ్యండి."

"పెరుగు పులిసిపోదా అక్కా?" అంది పక్కింటి భువనేశ్వరి.

"పులిస్తే మజ్జిగపులుసు పెట్టు. మీ ఆయన నీ కూరలు ఎటూ తినట్లేదుగా!"

అందరూ నవ్వారంట. అక్కే ఫోన్లో చెప్పింది.

మే నెలలో బాపట్ల నుంచి చూడ్డానికి వెళ్లాను. అక్క గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. బిందె పక్కనే పెట్టుకుని చెంబు మీద చెంబు తాగుతోంది.

"ఏంటక్కా, ఇట్లా అయిపోయావు?"

"ఎండలేవే. బిల్లు చూడు, సగానికి దిగింది."

"సూది వేసుకుంటున్నావా?"

"మోతాదు పెంచాను కూడా. మందు ఐసు గూట్లో పెడుతున్నా. పగలంతా ఫ్రిజ్ ఆగినా అక్కడ చల్లగా ఉంటది."

తెలివైన పనే అనిపించింది నాకు. మెచ్చుకున్నాను కూడా.

నేను వెళ్లిన ఎనిమిదో రోజు అక్క స్పృహ తప్పితే తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు మందు సీసా తెప్పించుకుని, ఎక్కడ పెట్టేవారని అడిగాడు. చెప్పాను.

"ఒక్కసారి గడ్డకడితే ఇన్సులిన్ పనిచెయ్యదమ్మా. కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది."

ఆసుపత్రిలో మూడో రోజు అక్క పోయింది.

సమాధి చేసి వచ్చిన మర్నాడు భువనేశ్వరి మాకు అన్నం తెచ్చింది. మిట్టమధ్యాహ్నం. వీధిలో ఒక్క ఫ్రిజ్ చప్పుడు లేదు.

"అక్క పుణ్యమా అని మా బిల్లూ తగ్గిందండి" అంది కళ్లు తుడుచుకుంటూ. "మా అత్తయ్య షుగరు సూదిమందు కూడా ఐసు గూట్లోనే దాచమని అక్కే చెప్పింది. ఏంటో, ఈ మధ్య ఆవిడ ఒకటే నీళ్లు తాగుతోంది."

అరుగు మీద నుంచి చూశాను. పక్కింటి వాకిట్లో ముసలావిడ మంచం మీద కూర్చుని రెండు చేతులా చెంబు ఎత్తుతోంది.

"ఆటో పిలువు. ఆ సీసా పారెయ్, గడ్డకట్టిన మందు పనిచెయ్యదంట, కొత్తది కొనాలి" అన్నాను. భువనేశ్వరి గబగబా ఆటోకి ఫోను చేసింది.

"అక్క ఇంకా ఎవరికి చెప్పిందమ్మా?" అని అడిగాను.

ఆమె వీధి చివరిదాకా చూసి, వేళ్లు మడవడం మొదలుపెట్టింది.