సున్నా నెంబరు టోకెను

కొందరు నోరు జారి చెడతారు. నేను ఎక్కం అప్పజెప్పి చెడ్డాను. నేను చెడితే చెడ్డాను గానీ, పిల్లలకి బంగారంలాంటి వైద్యం దొరికే గదికి తాళం పడేదాకా తెచ్చాను. ఎలాగో వినండి. నవ్వొస్తే ఆపుకోవద్దు, మా ఊరు ఎప్పుడో నవ్వేసింది.

రెండువేల పదిహేనులో మా హైస్కూలుకి ప్రతి బుధవారం ఒక నర్సమ్మ వచ్చేవారు. పదో తరగతి పిల్లలు ఒంట్లో బాధైనా, మనసులో బెంగైనా ఆవిడకి చెప్పుకోవచ్చు. మందులు ఉచితం. చెప్పిన మాట గది దాటదు. అమ్మకీ నాన్నకీ మాస్టారికీ తెలియదు. పేరు కూడా రాయనక్కర్లేదు. నేను స్కూలు కమిటీలో ఉన్నాను. సాలూరు లారీ ఆఫీసులో బస్తాలు లెక్కపెడుతూ, ఏడో తరగతి చదువుతోనే నోటిలెక్కల్లో పేరు తెచ్చుకున్నవాణ్ణి.

"వరసగా ఒకటి, రెండు అని చీటీలివ్వండి, చాలు" అన్నారు నర్సమ్మ.

చాలా? నాలాంటి మేధావి ఉండగా? ఒకే పిల్లాడు మళ్లీ వస్తే గుర్తుపట్టొద్దూ? రోల్ నెంబర్ని ఏడుతో హెచ్చవేసి, ఐదు కలిపి టోకెన్లు తయారుచేశాను. బ్రహ్మకైనా అంతుపట్టదని మురిసిపోయాను. గుమ్మంలో నిలబడి నెంబరు పిలిచే పని కూడా నేనే తీసుకున్నాను. నా గొంతు లారీ హారన్‌కి పెద్దన్న.

"నూట తొంభై నాలుగు!"

వరండాలో గౌరి అనే పిల్ల వేలు కూడా మడవలేదు. "నా రోల్ నెంబరు పద్నాలుగు, టోకెను నూట మూడు. ఈ పక్కదానిది పదిహేను, నూట పది. ఏడేసి పెరుగుతన్నాది గదా! ఏడు పద్నాలుగులు తొంభై ఎనిమిది, పైన ఐదు. ఆ ఐదు తీసీసి ఏడుతో భాగిస్తే... ఇరవై ఏడు. ఒలే, మన పైడిరాజే!"

"ఏట్రా పైడీ, ఏటొచ్చింది నీకు?"

"సెప్పరా, సిగ్గేటి!"

గుమ్మం దాకా వచ్చిన పైడిరాజు గిరుక్కున తిరిగి, గోడ దూకి పోయాడు.

"మూడు వారాలబట్టి ఇక్కడికొచ్చి ఎనక్కెల్లిపోతన్నాడు," అన్నారు నర్సమ్మ. "ఇయ్యాల ధైర్యం చేసినాడు. మీరు అరిసి తోలేసినారు. వచ్చే వారం ఎవులూ రాకపోతే నన్ను ఇంకో స్కూలుకి ఏసేస్తారు."

మరుసటి వారం గది ఖాళీ. పిల్లలంతా ఎదురుగా వరండాలో కూర్చుని నన్ను శనిగ్రహాన్ని చూసినట్టు చూస్తున్నారు. చివర్న పైడిరాజు.

కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. నా విషయంలో కత్తిపీటకి నిజంగానే దురద ఉంది: మొలతాడు కింద, రెండు నెలలుగా. గది ఖాళీ, నర్సమ్మ ఉన్నారు. టోకెను లేనిదే ప్రవేశం లేదన్న రూలు నాదే కనక నాకూ ఒకటి రాసుకున్నాను. రోల్లో లేనివాణ్ణి, కాబట్టి సున్నా. ఏడు సున్నాలు సున్నా, ఐదు కలిపితే ఐదు. ఆ తర్వాత నేను చేసిన పని చూడండి. అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడి "ఐదు!" అని అరిచి, నేనే లోపలికి వెళ్లాను.

"ఐదులో ఐదు పోతే సున్నా," వెనక గౌరి గొంతు. "సున్నా నెంబరెవులిదే?"

"అరిసినోడిదే!"

లోపల నర్సమ్మ, "పంతొమ్మిదేళ్లు దాటినోళ్లని ఇక్కడ సూడకూడదు. మీకెన్ని?" అన్నారు.

"రెండు పంతొమ్మిదులు, పైన మూడు."

ఆవిడ నవ్వాపుకుని, పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పి పంపేశారు. బయట పిల్లలు చుట్టుముట్టారు.

"ఏటి మావా, ఏటొచ్చింది నీకు?"

"సెప్పను! లోపలి మాట బయట సెప్పకూడదు!"

పైడిరాజు లేచాడు. "మరి నా నెంబరెందుకు అరిసినావు?"

లెక్కల మనిషికి లెక్క తప్పింది. "దురద," అన్నాను. "మొలతాడు కింద. సమానమయిపోయింది, ఎల్లు!"

వరండా రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. ఆ గోలలో పైడిరాజు లోపలికి వెళ్లి తలుపేసుకోవడం నేనొక్కణ్ణే చూశాను. ఎందుకు వెళ్లాడో ఈనాటికీ తెలియదు. తెలిస్తే మీకు చెప్పేసేవాణ్ణి, ఆ సంగతి దేవుడికి తెలుసు.

తర్వాతి బుధవారం గది నిండింది. "సున్నా మావే ఎల్లగా లేంది, మనకేటి సిగ్గు?" అన్నారట. ఆ పేరే నాకు స్థిరపడింది. అందుచేత ఏడో ఎక్కం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెవరి దురదనీ ఏడుతో హెచ్చవేయను.