తేలిక పుల్ల

శృంగవరపుకోట సంతలో ఆ ఉదయం ఉన్నవి, ఉన్నవాళ్లు: డప్పు కొట్టే నలభై వెదురు పుల్లలు, వాటినమ్మే ముసలమ్మ, నా చిన్న ఎలక్ట్రానిక్ కాటా, నేను, మా వీధిలో డప్పు వాయించే పెద్దాయన.

ఏటా పండగ ముందు ఆయన ఒక్కో పుల్లనూ మోకాలి మీద మూడుసార్లు కొట్టి, బరువైనదే ఏరుకునేవారు. తూస్తానంటే నవ్వేవారు.

"బరువు సెయ్యి సెప్తాది ఇంజినీరు బాబూ. నీ డబ్బా ఏటి సెప్తాది?"

ఆ ఏడు ఆయన మణికట్టు వణుకుతోంది. ఊరేగింపు మధ్యలో చెయ్యి ఆగితే డప్పు వేరేవాళ్లకిస్తామని జట్టువాళ్లు చెప్పేశారు. పదో పుల్ల దగ్గర ఆగిపోయి, కట్ట నా ముందుకు తోశారు.

"సెయ్యి అబద్ధమాడతన్నాది. అన్నింట్లో తేలికదేదో నువ్వే సూడు."

నలభైయీ తూచి ఒకటి తీశాను.

"అది పిల్లలాడుకునేది మావా," అంది ముసలమ్మ.

ఆయన దాన్ని సంచిలో పెట్టుకున్నారు. పద్దెనిమిది గ్రాములు.