ఆరాధన వేళకే ట్యాంకరు

మాచర్లలో మేముండే వీధికి ఎండాకాలం కుళాయి నీళ్లు రావు. శుక్రవారమూ ఆదివారమూ ట్యాంకరు వస్తుంది. ఆదివారం అది వచ్చేది సరిగ్గా మందిరంలో ఆరాధన జరిగే వేళకే. మా ఆయన క్వారీ లారీ తోలతాడు, ఆదివారాలు కూడా బండి మీదే ఉంటాడు. అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో గుమ్మం దిగలేదు. పైపు పట్టుకోవాల్సింది నేనే.

అందుకని మందిరంలో తలుపు పక్కనే కూర్చునేదాన్ని. కళ్లు మూసుకుంటే ఖాళీ డ్రమ్ములు కనిపించేవి. పాస్టరుగారు వాక్యం చెబుతుంటే బయట ఏ బండి చప్పుడైనా ఉలిక్కిపడేదాన్ని. పోనీ ఇంటి దగ్గరే ఆగితే, ఆ వారమంతా అన్నం తినకుండా తిరుగుతున్నట్టుండేది.

ఒక ఆదివారం ప్రభువు బల్ల జరుగుతోంది. రొట్టె, ద్రాక్షరసం ముందు వరస నుంచి ఒక్కొక్కరికీ ఇస్తూ వస్తున్నారు. నా దాకా రాకముందే ట్యాంకరు హారన్ మోగింది. ఇంకాసేపు ఆగుదామనుకున్నాను. రెండోసారి మోగేసరికి లేచి చెప్పులేసుకున్నాను.

ట్యాంకరు దగ్గర పక్కింటి పిన్ని అప్పటికే పైపు పట్టుకుని ఉంది. వాళ్లు గుడికి వెళ్లేవాళ్లు.

"ఏమే, ప్రార్థన అయిపోయిందా?"

"లేదు పిన్నీ. బల్ల తీసుకోకుండానే లేచొచ్చా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "అక్కడుంటే ఇక్కడి గోల, ఇక్కడుంటే అక్కడి గోల. ఏందే నీ బతుకు?"

నాకు ఏడుపొచ్చింది. పిన్ని నా బిందె లాక్కుని పైపు కింద పెట్టింది. "ఇక నుంచి ఆదివారం నీ నీళ్లు నేను పడతా. శుక్రవారం గుడికి పోవాలంటే నాకూ ఇదే తంటా. ఆ రోజు నావి నువ్వు పట్టు."

సాయంత్రం పాస్టరుగారి ఇంటికి వెళ్లాను. "అయ్యగారూ, బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిపోయానండి," అన్నాను, తిడతారేమోనని తల వంచుకుని.

"నీళ్లు దొరికాయా అమ్మా?"

"దొరికాయండి."

"మంచిది. నీ వెనకాలే మా ఆవిడ కూడా నీళ్లకని లేచి వెళ్లింది, చూడలేదా? బల్ల ఇచ్చేవాణ్ణి కాబట్టి నేను ఆగాను గానీ."

లోపల నుంచి పాస్టరమ్మ నవ్వు వినిపించింది. ఆయన ప్రార్థన చేసి, వాళ్ల వసారాలోనే నాకు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చారు.

తర్వాతి ఆదివారం ధైర్యంగా ముందుకెళ్లి కూర్చున్నాను. కుదురుగా ఉంటాననుకున్నాను, ఉండలేకపోయాను. పిన్నికి నడుం నొప్పి, నా బిందెలు ఎట్లా ఎత్తుతుందోనని ఒకటే ఆలోచన. చివరికి ఆవిడ నడుం కోసమే ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను.

శుక్రవారం పిన్ని గుడికి వెళ్లింది. వాళ్ల డ్రమ్ములో పైపు పెట్టి నిలబడ్డాను. ఎండ చానా ఉంది. వరసలో ఆడవాళ్లు పోట్లాడుకుంటున్నారు. ఎందుకో ఆ గోలలో అత్తమ్మ కోసం, బండి మీదున్న మా ఆయన కోసం లోలోపల ప్రార్థన చేసుకోవడం మొదలుపెట్టాను. మందిరంలో దొరకని మాటలన్నీ వచ్చాయి.

"ఏమే, డ్రమ్ము పొర్లుతుంటే కనపడటంలా?" వెనకనుంచి ఎవరో కేక వేశారు.

గబగబా పైపు తీసి పక్కనున్న ఆవిడ బిందెలో పెట్టాను.