దుప్పటి వెనక అమ్మ

మా చిన్నతనంలో ఒక ఆదివారం... చిత్తూరులో కోర్టు వెనక సందు. స్టూడియో ఆయన మూడు కాళ్ళ స్టాండు భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. గోడను చూసి పెదవి విరిచాడు.

"సున్నం పెచ్చులూడి ఉండాది సారూ. దీని ముందర తీస్తే బాగుండదు. వెనకాల దుప్పటి కట్టల్ల."

నాయన కోర్టులో గుమాస్తా. మాది అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టడానికి లేదు. దుప్పటి ఒక కొసను కిటికీ కమ్మికి కట్టారు. రెండో కొసను అమ్మ పట్టుకుని వెనక నిలబడింది.

"నువ్వూ వచ్చి కూసోమ్మే" అంది అవ్వ... అంటే నాయన వాళ్ళమ్మ.

"నేనూ కూసుంటే దీన్ని ఎవురు పట్టుకుంటారత్తా? కానీయండి, ఎండ పోతా ఉండాది. నేను ఇంకో తూరి తీయించుకుంటాలే."

ఇంకో తూరి రాలేదు. నాకు పదేళ్ళు నిండకముందే అమ్మ జ్వరంతో పోయింది.

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. నాయన, అవ్వ, నలుగురు పిల్లలం... మొత్తం ఆరుగురం. కుడి అంచున దుప్పటి కొసను బిగించి పట్టుకున్న నాలుగు వేళ్ళు. మా అమ్మకు ఉన్న ఫోటో అంతే.

అక్క, అన్న, తమ్ముడు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అమ్మను చూసిన వాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నాకూ నిండుగా గుర్తు లేదు... పొయ్యి ఊదుతూ పొగకు కళ్ళు చికిలించిన ముఖం ఒకటి, కనుబొమ్మ పైన బియ్యపుగింజంత అమ్మవారు పోసిన మచ్చ ఒకటి. ఆ కొంచెమే అరవై ఏళ్ళకు పైగా దాచుకున్నాను.

మా మనవరాలు హారిక ఫోటోలు తీస్తుంది. పెళ్ళిళ్ళవీ పేరంటాలవీ కాదు. చిన్న ఊళ్ళ బతుకును ఒక్కో దృశ్యంగా అల్లి, సినిమా షూటింగులా లైట్లు పెట్టి, మనుషులకు వేషాలు వేయించి తీస్తుంది. ఒక్క ఫోటోకు మూడు రోజులు పడుతుంది. ఈ పాత ఫోటో చూసి పట్టుబట్టింది.

"అవ్వా, ముందర నుంచి అందరినీ తీసినారు. నేను వెనకనుంచి తీస్తా. దుప్పటి పట్టుకోనుండే మీయమ్మను తీస్తా."

నేను సరే అన్నాను. ఎందుకన్నానంటే... నాకూ చూడాలనిపించింది.

అమ్మ వేషానికి మా వీధిలోని మునిలక్ష్మిని అడిగింది. ముప్పై ఏళ్ళుంటాయి. శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని, రోజూ కంపెనీ బస్సులో పోయి వస్తుంది. చంద్రగిరిలో ఒక పాత ఇల్లు దొరికింది. ఏ పొరపాటూ ఉండకూడదని నేను దగ్గర కూర్చుని అన్నీ సరిచేశాను. దుప్పటి చారలు నీలం, ఆకుపచ్చ కాదు. కొంగు నడుముకు దోపాలి. గాజులు చేతికి నాలుగు, ఆరు కాదు.

"ఏందవ్వా, నన్ను పెళ్ళికూతురికన్నా ఎక్కువ సతాయిస్తా ఉండావే!" అని మునిలక్ష్మి నవ్వింది.

"మచ్చ ఏ పక్క అవ్వా?" హారిక అడిగింది.

"ఎడమ పక్క" అన్నాను. తడుముకోలేదు.

ఫోటో వచ్చింది. ఎండకు పలచబడిన దుప్పటి, దాని మీద అవతల కూర్చున్న ఆరుగురి నీడలు, ఇవతల ముఖం ఇటు తిప్పి మునివేళ్ళ మీద నిలబడిన అమ్మ. ఎగ్జిబిషన్‌లో పెడితే జనం ఆగి ఆగి చూశారట. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోనూ పెట్టింది.

అక్కడ చెయ్యి దాటిపోయింది. పలమనేరులో ఉన్న మా తమ్ముడి కొడుకు ఆ ముఖం వరకు పెద్దది చేయించి, పటం కట్టించి, తద్దినం నాడు బొట్టు పెట్టి దండ వేశాడు. ఆ పటం ఫోటో ఫోన్లలో తిరిగి తిరిగి మునిలక్ష్మి దాకా చేరితే, మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"ఏందవ్వా ఇది! బతికుండేదానికి దండేసినారే! మాయమ్మ సూస్తే గుండె పగిలి సచ్చిపోతాది!" అని, మళ్ళీ తనే కళ్ళు తుడుచుకుంటూ, "ఈడ నన్ను పలకరించే దిక్కు లేదు, ఆడ మొక్కుతా ఉండారే" అంది.

పలమనేరుకు ఫోను చేశాను. పటం దించమన్నాను. తమ్ముడి కోడలు మెల్లగా అంది, "దించేదెట్ల అత్తా? పిల్లోళ్ళు ఆయమ్మకు మొక్కే పరీక్షలకు పోయినారు. ఇప్పుడు ఆమె కాదంటే ఏమని చెప్పేది?"

ఫోను పెట్టేశాను. అప్పటికే నా లోపలా అదే జరిగిపోయింది.

ఒక ఉదయం కాఫీ పెడుతూ అమ్మను తలుచుకున్నాను... పొయ్యి దగ్గర వంగింది మునిలక్ష్మి. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ మునిలక్ష్మే. అరవై ఏళ్ళు దాచుకున్నది పోయింది. అన్నీ సరిగ్గా ఉండాలని దగ్గరుండి దిద్దింది నేనే. ఒక్కటైనా తప్పు మిగిల్చి ఉంటే పట్టుకుని వేరు చేసుకునేదాన్నేమో.

మచ్చ కూడా... ఎదురుగా కూర్చున్న పిల్లకు ఎడమగా కనిపించినది అమ్మకు కుడి కదా! నేను ఎవరి ఎడమ చెప్పాను?

హారికకు చెబితే ఏడ్చింది. "ఆ ఫోటో ఎక్కడా లేకుండా తీసేస్తా అవ్వా."

"గోడ మీదిది తీస్తావు. సరే..." అన్నాను. మిగతాది దాన్ని అడిగి ఏం లాభం?

ఆ రోజుల్లో ఒక్క ఫోటో కోసం జీవితమంతా కాచుకునేవాళ్ళం. ఇప్పుడు తీయని ఫోటో అంటూ లేదు... అయినా నాకు కావలసినది ఒక్కటీ లేదు.

మీ ఇళ్ళలోనూ ఫోటోకు అందకుండా పోయిన వాళ్ళు ఉంటారు. వాళ్ళ ముఖం మీకెంత గుర్తుందో ఇక్కడ రాయండి, ఇంకెవరికైనా పనికొస్తుంది. చిత్తూరు కోర్టు వెనక సందులో అప్పట్లో ఉన్నవారు, వాళ్ళ పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే... గుమాస్తా గారి భార్య రాజమ్మ ఎలా ఉండేదో ఒక్క ముక్క చెప్పండి. నేను చెప్పినదంతా తప్పని తేలినా సరే.