బాజీ చిటికెన వేలు

ఆటోనగర్‌లో లారీల మీద చేత్తో అక్షరాలు రాసేవాళ్ళు ఇంకా ఎంతమంది మిగిలారో తెలియదు గానీ, మా స్పేర్ పార్టుల కొట్టు పక్కన మాత్రం ఒకడున్నాడు. పేరు బాజీ. "స్టిక్కర్ రెండు వానలకి లేచిపోద్దండీ సుబ్బారావు గారూ, నా అక్షరం లారీ ఉన్నంతకాలం ఉంటది" అంటాడు. గొప్పలకేం తక్కువ లేదు. పనితనానికీ తక్కువ లేదు, అది ఒప్పుకోవాలి.

బాజీ స్కేలు పెట్టడు. కుడిచేతి చిటికెన వేలు రేకు మీద ఆనించి, దాని ఆసరాతో కుంచె తిప్పుతాడు. ఆ వేలు కుదురుగా నిలబడితేనే గీత కుదురుగా వస్తుంది.

పోయిన నవంబరులో ఉయ్యూరు జయకృష్ణ గారి లారీ మీద వాళ్ళమ్మ గారి పేరు రాశాడు. 'రామతులసి' అని ఎర్రరంగుతో రాసి, చుట్టూ పసుపు అంచు తీస్తుంటే నేను కేకేశాను. అప్పటికే అతని వేలు తడి ఎరుపులో దిగబడి, 'తు' అంతా అలికేసింది. బాజీకి అది తెలియనే లేదు! అడిగితే అప్పుడు చెప్పాడు, చిటికెన వేలు, పక్క వేలు సగం మొద్దుబారి పదిహేను రోజులైందట. ఇన్నాళ్ళూ దాచినందుకు నాకు ఒళ్ళు మండింది.

వారం తర్వాత జయకృష్ణ గారు ఆ పేరు స్టిక్కర్ అతికించుకుని మా ముందు నుంచే వెళ్ళారు. ఆయన్ని తప్పు పట్టలేం. బాజీ ఆ రోజు అన్నం ముట్టలేదు. "ఈ వేలు పోతే నేనేం చెయ్యాలండీ? నాకు ఇంకో పని రాదు" అన్నాడు.

నెల రోజులు ఆ వేలికి చెయ్యని సేవ లేదు. బామ్ రాశాడు, గుడ్డ చుట్టాడు, ఎవరో చెప్పారని రాగి ఉంగరం తొడిగాడు. చివరికి నేనే బండెక్కించి పటమటలో ఎముకల డాక్టరు జెస్సికా గారి దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ వేలిని వదిలేసి, మోచేతి లోపలి వైపు ఎముక వెనక తట్టారు. బాజీకి చిటికెన వేలి చివరదాకా జిల్లుమంది.

"మోచెయ్యి గోడకి తగిలితే కరెంటు కొట్టినట్టుంటుందే, ఆ నరమే నలుగుతోంది. పడుకున్నప్పుడు చెయ్యి ఎట్టా పెట్టుకుంటారు?"

"మడిచి చెంప కింద పెట్టుకుంటానండి."

"ఫోను?"

బాజీ నా వంక చూశాడు. "రంగు డబ్బా మీద మోచెయ్యి ఆనించి ఫోను చెవిన పెట్టాడంటే గంటదాకా దించడండీ" అని నేనే చెప్పేశాను.

"మడిస్తే నరం సాగుతుంది, ఆనిస్తే నలుగుతుంది. రెండూ మానండి. బలం ఇంకా తగ్గలేదు కాబట్టి మూడు నెలలు చూద్దాం. పట్టు సడలినా, బొటనవేలి పక్క కండ లోతుకుపోయినా వెంటనే రండి. అప్పుడు ఆపరేషన్ సంగతి ఆలోచిద్దాం."

భవానీపురంలో ఇంటి దగ్గర వాళ్ళావిడ ఫిర్దౌస్ రోజూ పడుకునే ముందు అతని మోచేతికి టవలు చుట్టేది, చెయ్యి మడతపడకుండా. "బస్సు ఆపుతున్నట్టు చెయ్యి చాచి పడుకుంటున్నారు అన్నయ్య గారూ, మంచం మీద నాకు చోటే లేదు!" అని నవ్వేది. ఫోనుకి ఇయర్‌ఫోన్లు వచ్చాయి. బాజీ సన్నపని మానేసి, డాక్టరు గారు చూపించిన వ్యాయామాలు తప్పకుండా చేశాడు. మోచెయ్యి ఎక్కడ ఆనినా నేను అరిచేవాణ్ణి.

ఫిబ్రవరి వచ్చినా వేలు అలాగే ఉంది. మనిషి మాట తగ్గిపోయింది. బాజీ మాట్లాడకుండా కూర్చోవడం చూసి నాకు నిజంగా భయమేసింది.

ఏప్రిల్ మొదటివారంలో పొద్దుటినుంచి ఎండలో నిలబడ్డ ఒక ఇసుక లారీ తలుపు మీద నంబరు రాయడానికి కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత సన్నకుంచె పట్టాడు. చిటికెన వేలు రేకు మీద ఆనించాడో లేదో, "అబ్బా!" అని ఎగిరి లేచాడు. కుంచె కింద పడింది. నేను కంగారుగా పరుగెత్తాను. అతను వేలు పట్టుకుని నిలబడి ఫోనులో అరుస్తున్నాడు.

"కాలింది ఫిర్దౌస్! నా వేలు చుర్రుమంది!"

అటునుంచి ఆవిడ ఏడుపు నాక్కూడా వినిపించింది. బాజీ కళ్ళు తుడుచుకుని, ఆ వేలు తీసుకెళ్ళి మళ్ళీ అదే రేకు మీద పెట్టాడు.