ఫోన్ చీర

కార్తీకం వెళ్ళిన వారానికి మా అత్తమ్మ పోయింది. చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న మా పల్లెలో ఆ రోజు పత్తి ఏరడానికి ఎవరూ పోలేదు. ఆమె పెద్దకొడుకు, అంటే మా ఆయన, మంచుకొండల్లో సరిహద్దు డ్యూటీలో ఉన్నాడు. దారి మూసుకుపోయి రాలేకపోయాడు.

పెళ్ళైన రెండు నెలలకే ఆయన వెళ్ళిపోతే నన్ను నిలబెట్టింది అత్తమ్మే. ఒంటరిగా పడుకోనివ్వక నా మంచం పక్కనే తన మంచం వేసుకుంది. నేను అలిగి తినకపోతే తనూ తినేది కాదు. ఆమె ఆకలికి ఆగలేదని తెలుసు కాబట్టి నేనే ముందు లేచి కంచాలు పెట్టేదాన్ని.

ఆమెకు ఒక పచ్చచీర ఉండేది. దాన్ని మేం ఫోన్ చీర అనేవాళ్ళం. ఆదివారం పొద్దున కొడుకు వీడియో కాల్ చేస్తాడంటే ఆ చీర కట్టి, మొహానికి పౌడరు రాసి, కోళ్ళను అదిలించి, కురిసే కప్పు కనబడకుండా మంచం జరిపించేది. అడవిపందులు మక్కచేను తొక్కేసినా ఫోన్‌లో మాత్రం పంట బ్రహ్మాండంగా ఉండేది. నేను జ్వరంతో మూలుగుతుంటే కోడలు మిల్లుకు పోయిందని చెప్పింది. అబద్ధాలాడితే ఆడపిల్లలు పుడతారంటారు గానీ, ఆమెకు ఇద్దరూ మగపిల్లలే. ఇదేంటత్తమ్మా అంటే ఎప్పుడూ ఒకటే మాట.

"తుపాకి పట్టినోని చెవుల ఇంటి ఏడుపు పొయ్యొద్దు బిడ్డా."

ఈ వానాకాలంలో ఆమె కాళ్ళు వాచాయి. గుండె బలహీనపడిందని దవాఖానాలో చెప్పారు. పెద్దోనికి తెలియొద్దని నా చేత, మా మరిది చేత ఒట్టు వేయించుకుంది. అప్పటినుంచి ఫోన్ నా చేతికిచ్చి, పైకెత్తి పట్టమనేది. నడుము నుంచి పైకి ఆమె ఎప్పటిలాగే ఉండేది.

దసరాకు మా ఆయనకు సెలవు దొరికింది. తోటి జవాను భార్యకు కాన్పు దగ్గర పడిందనీ, ఇద్దరిలో ఒక్కరినే పంపుతారనీ, ఇంట్లో అందరూ బాగుంటే తన వంతు అతనికిస్తాననీ ఫోన్ చేశాడు. నేను అత్తమ్మ వంక చూశాను. ఆమె నావైపు చూడనే లేదు.

"ఇచ్చెయ్ బిడ్డా. మాకేమైంది, గుండ్రాయి లెక్కున్నం."

కాల్ అయిపోయాక చీర మార్చుకోకుండా అలాగే కూర్చుంది. ఎందుకట్లా చెప్పావని కోపం చేశాను.

"నాకు సూడాలని ఉండదా?" అంది.

నేను ఫోన్ జానెడు కిందికి దించి ఉంటే సరిపోయేది. ఆయన వచ్చేవాడు. ఒట్టు తప్పితే ఆమెకేమవుతుందోనని భయపడ్డాను. తప్పకపోయినా పోయింది.

ఆఖరికి ఆమెకు ఆ పచ్చచీరే కట్టాం. పాడె లేపబోతుండగా మా ఆయన వీడియో కాల్ చేశాడు. మొహం చూపించాను. చాలాసేపు చూశాడు. అలవాటుగా పైకెత్తి పట్టిన చేతిని అప్పుడు దించాను. వాచిన ఆ కాళ్ళను ఆయన మొదటిసారి చూశాడు. ఎప్పటినుంచి అని అడగలేదు.

"ఆడనే ఉంచు," అన్నాడు.

వాకిట్లో డప్పులు మొదలయ్యాయి. జనం జరగమంటున్నా, బొటనవేళ్ళు కలిపి కట్టిన ఆ కాళ్ళ దగ్గరే ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.