మామ్మ మాటకి నేను చెప్పిన బంగ్లా

కిందటి మంగళవారం పొద్దున్న గార్డెన్ రీచ్ ఆస్పత్రి నుంచి బౌది ఫోన్ చేసి, మామ్మ పోయిందని చెప్పింది. చదువుకోడానికి చీరాల నుంచి కలకత్తా వచ్చినప్పుడు రెండేళ్ళు నన్ను ఇంట్లో పెట్టుకున్న మనిషి. చుట్టం కాదు, మా నాన్న స్నేహితుడికి ఎక్కడో వరస. బౌది ఆవిడ కోడలు, బెంగాలీ అమ్మాయి. వదిన అనడానికి ఇక్కడి మాటే నాకు అలవాటైంది. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడేసి అంటారు. మామ్మవి చిన్న కళ్ళే, వాటితోనే మనిషిని గుచ్చి గుచ్చి చూసేది.

మొదటి రోజు నన్ను కంచం ముందు కూర్చోబెట్టి, అన్నం గిన్నె తన ఒళ్ళో పెట్టుకుంది. "బంగ్లాలో అడుగు, పెడతాను," అంది. బెంగాలీ ముక్క రాదన్నాను. "రాదేటి? అయితే ఆకలి నేదన్నమాట," అని గిన్నె తీసుకెళ్ళి మూత పెట్టేసింది. పరాచికం అనుకుని పిచ్చిదానిలా అరగంట కూర్చున్నాను. ఆ పూట నిజంగానే పెట్టలేదు.

ఆ ఇంట్లో తెలుగు వచ్చిన మనిషి ఆవిడొక్కతే, ఆవిడేమో మాట్లాడదు. కొడుక్కి ఓడ మీద పని, ఏడాదికి రెండు నెలలు ఇంట్లో ఉంటే గొప్ప. బౌదికీ, స్కూలుకెళ్ళే మనవరాలికీ తెలుగు ముక్క రాదు. రానివ్వలేదు మామ్మ. తిట్టడానికీ, దెప్పడానికీ మాత్రం వాడేది. నేను తప్పు పలికితే పక్క గుమ్మాల వాళ్ళని పిలిచి, వాళ్ళ ముందు మళ్ళీ పలికించేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకరోజు ఏడ్చేసి, "ఎందుకు మామ్మా నన్నిలా చంపుతావు?" అని అడిగాను.

"నాకెవులు బడెట్టినారే గుంటా? ఓడల డాకు కూలోడి పెళ్ళాన్నని నవ్వి నవ్వి నేర్పినారు. నాకు తెలిసిన బడి అదే."

ఓదార్చలేదు. నా ఏడుపయ్యేదాకా ఆగి, మళ్ళీ అదే మాట పలికించింది.

సాయంత్రాలు మరమరాల్లో పచ్చి ఆవనూనె కలుపుకుని తినేది. ఆ ఘాటు నాకు పడదని తెలిసీ నా పుస్తకాల పక్కనే చతికిలబడి తినేది. మూడు నెలలు తిరిగేసరికి ఆ గిన్నెలో నేనే చెయ్యి పెట్టాను. ఒక్క దెబ్బ వేసి, గిన్నె నా వైపు జరిపింది.

ఓసారి నేను తెచ్చిన రొయ్యలు కంపు కొట్టాయి. "ఎల్లు, మార్చి తే," అని నా చేతిలోనే పెట్టింది. చేపలాయన నా బంగ్లాకి నవ్వి పంపేశాడు. మళ్ళీ పంపింది. మూడోసారి నేను వెళ్తుంటే ఆటో స్టాండు దగ్గర నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ కోపమంతా చేపలాయన మీద తీర్చుకున్నాను. ఏం అరిచానో నాకే తెలీదు, బుట్ట అడుగు నుంచి తాజావి తీసిచ్చాడు. "పోట్లాట వచ్చిందంటే బాస వచ్చీసినట్టే," అంది మామ్మ. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పేదన్నాను, ఎత్తిపొడుపుగా. "మీ యమ్మ ఎన్నూళ్ళు సూసిందేటి?" అంది.

ఇవాళ ఈ ఊళ్ళోనే న్యూ టౌన్‌లో నాకు ఉద్యోగం ఉందన్నా, అక్కడ నన్నెవరూ పక్కకి నెట్టలేరన్నా అది ఆవిడ పెట్టిన భిక్షే. కృతజ్ఞత ఉంది. ప్రేమ ఉందా అంటే చెప్పలేను.

పోవడానికి వారం ముందు స్నానాల గదిలో పడింది. పక్షవాతం. ఆస్పత్రిలో తెలివి వచ్చాక మాట వచ్చింది గాని బంగ్లా రాలేదు. యాభై ఏళ్ళు మాట్లాడిన భాష పోయి, చిన్నప్పటి సిక్కోలు మాట ఒక్కటే మిగిలింది. కొడుకు సముద్రం మీద ఉన్నాడు, ఫోనుకి అందడు. "అమ్మ ఏదో అడుగుతోంది, మాకెవరికీ తెలీడం లేదు, నువ్వు రా," అంది బౌది. వెళ్ళాను.

నన్ను చూడగానే మామ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ రెండేళ్ళలో ఎన్నడూ పట్టుకోలేదు. "గుంటా, నన్నింటికి తీసుకెల్లిపోమను. ఈ గొట్టాలు పీకీమను. నానిక్కడ సావను. నా గదిలో సస్తాను."

నాలుగు రోజులు ఉంచితే గాని ఏదీ చెప్పలేమన్నాడట డాక్టరు. ఉంచాలో, ఇంటికి తీసుకుపోవాలో బౌదే తేల్చాలి. "అమ్మ ఏమంటోంది?" అని అడిగింది నన్ను.

"డాక్టరు చెప్పినట్టు చెయ్యమంటోంది," అన్నాను బంగ్లాలో. తడబడలేదు, ఒక్క తప్పు పలకలేదు.

బతుకుతుందనే అలా చెప్పాను. అది నిజమే గాని సగం నిజం. ఆవిడ నన్ను అడుక్కుంటోంది, ఇవ్వడం మానడం నా చేతిలో ఉంది అని తెలిసిన ఆ నిమిషంలో నా కడుపులో చల్లగా ఉంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. బౌదికి తెలుగు చదవడం రాదు గనక ఇక్కడ రాయగలుగుతున్నాను.

మామ్మ నా చెయ్యి వదిలేసింది. బంగ్లా పోయిందన్నారు డాక్టర్లు. పలకడం పోయిందేమో, వినడం పోలేదు.

తర్వాత నాలుగు రోజులూ వెళ్ళాను. మామ్మ ఏ భాషలోనూ ఒక్క మాట మాట్లాడలేదు. మనవరాలు వస్తే వేళ్ళు కదిపేది, నేను వస్తే కళ్ళు మూసుకునేది. బౌదికి నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మొన్న ఎందుకు అబద్ధం చెప్పావంటే ఏం చెప్పను? మింగేశాను.

చివరి సాయంత్రం, పెదాలు తడపమని నర్సు చెంచా నా చేతికిచ్చింది. "మామ్మా, నీళ్ళు," అన్నాను. ఎండి పగిలిన పెదాలు. చెంచా తగలగానే బిగించేసింది. నీళ్ళు గడ్డం మీంచి జారి మెడ మడతల్లోకి పోయాయి. చున్నీతో తుడవబోయాను. కదిలే ఆ ఒక్క చెయ్యి మెల్లగా ఎత్తి, మొహానికీ నాకూ మధ్య అడ్డం పెట్టుకుంది. నేను లేచి వచ్చేసేదాకా దించలేదు.